దారి చూసి వచ్చింది నేనే

టొవేరా మంచిది. మా సలీమా ఊరి బజారులో ఎవర్నడిగినా ఇదే మాట చెబుతారు. నాకు ఒళ్ళు మండేదీ అందుకే. చెడ్డదైతే నాలుగు తిట్టి చేతులు దులుపుకునేదాన్ని. మంచిమనిషిని ఏం చేసుకోను?

ఆమె రాకముందు ఆరేళ్ళపాటు శనివారాలన్నీ నావి. మిగతా వారమంతా బజారులో రేకుల కింద కూర్చుని బట్టలు కుడతాను. శనివారం మాత్రం కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి చర్చి బడి వెనకున్న ఫుట్‌బాల్ మైదానానికి పోతాను. ఎవరో దాతలిచ్చిన పన్నెండు సైకిళ్ళు అక్కడి మొక్కజొన్నల గోడౌనులో ఉంటాయి. వాటిమీద ఆడవాళ్ళకు సైకిలు నేర్పుతాను. ఊరికే నేర్పుతాను, ఒక్క క్వాచా పుచ్చుకోను. మా వైపు ఆడది సైకిలెక్కడమంటే వెనక క్యారియరు మీద రెండు కాళ్ళూ ఒకే పక్కకు వేసుకుని కూర్చోవడం. ముందు కూర్చుని తొక్కేది మగాడు, వాడికి బాడుగ ఇచ్చేది మనం. నాకు మాత్రం పద్నాలుగో ఏటే మా మేనమామ నేర్పాడు, సీటు పట్టుకుని వెంట పరుగెత్తుతూ. నేనూ అలాగే నేర్పాను. సీటు కింద నా చెయ్యి ఉంటుంది, చెవి దగ్గర నా గొంతు ఉంటుంది. "ముందుకు చూడు, నేనున్నాను" అంటూ పరుగెత్తుతాను. ఆరేళ్ళలో పంతొమ్మిది మంది నేర్చుకున్నారు. ఒక్కరు కూడా కిందపడలేదు. ఆ సంగతి రోజుకోసారైనా ఎవరో ఒకరి చెవిన వేస్తుండేదాన్ని.

నెలకోసారి నేర్చుకున్నవాళ్ళం అందరం వరసకట్టి ఊళ్ళమీదికి పోతాం. పాటలు పాడుకుంటూ, గంటలు కొట్టుకుంటూ. అలా వెళితే చూసిన ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు ముగ్గురికి మనమూ నేర్చుకుందామన్న ఆశ పుడుతుంది. ఆ వరసకు కొన్ని కట్టుబాట్లు పెట్టాను. ముందు సైకిలు మీద ఉన్నది పసుప్పచ్చ కోటు వేసుకోవాలి, దారి తీయాలి, వరసకు ఏం జరిగినా జవాబు చెప్పాలి. సైకిలుకీ సైకిలుకీ మధ్య ఇంకో సైకిలు పట్టేంత జాగా వదలాలి. చిట్టచివర ఉన్నది ఎవర్నీ దాటి ముందుకు రాకూడదు. పంపూ పానాలూ ఆవిడే మొయ్యాలి. ముందురోజు సాయంత్రం ఒంటరిగా ఆ దారంతా తొక్కి చూసి, గుంటలూ ఇసకమేటలూ ఎక్కడున్నాయో ముందున్నావిడకు చెప్పాలి. ముందెప్పుడూ నేనే ఉండేదాన్ని గనక ఈ కట్టుబాట్లు నాకు బాగానే ఉండేవి.

టొవేరా ఉత్తరాన కరోంగా నుంచి బదిలీ మీద వచ్చిన బడి టీచరు. ముప్పై దాటి ఉంటుంది. ఏప్రిల్లో ఓ శనివారం తన సైకిలు నడిపించుకుంటూ మైదానానికి వచ్చింది. కాసేపు చెట్టు కింద నిలబడి నేను పరుగెత్తడం చూసింది. రొప్పుతూ ఆగితే నీళ్ళసీసా అందించింది.

"అక్కా, మీరేమీ అనుకోకపోతే ఓ మాట. వీళ్ళకి ఒకసారి పెడల్స్ ఊడదీసి చూద్దామా?"

"సైకిలుకి పెడల్స్ ఊడదీస్తే ఏం మిగుల్తుందమ్మా? ఊడదీసి నెత్తిన పెట్టుకుని ఊరేగుదామా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నేనన్న మాటకి ఆమె నవ్వడం నాకు అస్సలు నచ్చలేదు.

సంచీలోంచి పానా తీసింది. ఎడమ పెడలు మర తిరగబడి ఉంటుంది, అలవాటు లేనివాళ్ళు వదులు చేద్దామని ఇంకా బిగించేస్తారు. తప్పు వైపు తిప్పు తల్లీ తప్పు వైపు తిప్పు, అని లోపల జపం చేశాను. సరైన వైపే తిప్పింది. సీటు బాగా కిందికి దించింది. మొదట బ్రేకు నొక్కి, కాలు నేల కానించి ఆగడం నేర్పింది. తర్వాత కూర్చున్నచోటినుంచే కాళ్ళతో నేలని తోసుకుంటూ పొమ్మంది. గంట గడిచేసరికి ముగ్గురు ఆడవాళ్ళు కాళ్ళు పైకెత్తి మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు జారుకుంటూ పోతున్నారు. మధ్యాహ్నానికి పెడల్స్ మళ్ళీ బిగించింది. తొక్కేశారు. సీటు ఎవరూ పట్టుకోలేదు, వెనక ఎవరూ పరుగెత్తలేదు. మూడు శనివారాల్లో పదకొండు మంది నేర్చుకున్నారు. నా పంతొమ్మిది మందికి ఆరేళ్ళు పట్టింది. లెక్క ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేదు గదా, నాకూ లెక్కలొచ్చు.

నా దగ్గర మిగిలింది లెసీటా ఒక్కతే. బజారులో నా రేకుల పక్కనే ఎండుచేపలు అమ్ముతుంది. నా ఈడుదే, నాకు రెండింతల మనిషి, నోరు నాలుగింతలు. సరస్సు ఒడ్డుకు తానే సైకిలు మీద వెళ్ళి చేపలు తెచ్చుకోవాలని ఆమె కోరిక. టొవేరా దగ్గరికి పోతే వారంలో వచ్చేస్తుందని ఎందరు చెప్పినా వినలేదు.

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటార్లే" అంది ఓ రోజు నా మొహం చూసి. "నాకు కొమ్ములొద్దే ఎలూబీ. నీ చెవులు చాలు నాకు. కాకపోతే కాస్త తొందరగా నేర్పవే, చేపలకి నా మీద బెంగగా ఉంది."

ఆరు వారాలైంది. తొక్కడం వచ్చింది. దిగడం రాలేదు. రాలేదు అనడం కూడా తప్పే, నేను నేర్పలేదు. దిగడం నేనెప్పుడూ అన్నిటికన్నా ఆఖర్న నేర్పేదాన్ని. ఆగాల్సి వస్తే "పట్టుకో" అని కేక వేస్తారు, నేను పరుగున వెళ్ళి సీటు పట్టుకుంటాను, వాళ్ళు దిగుతారు. దిగడం వచ్చినదానికి ఇక నాతో పనుండదు. ఆ సంగతి నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

జులైలో సరస్సు దాకా పెద్ద సవారీ ఉంటుంది. ఆ సవారీకి ముందు ఎవరుంటే ఏడాదంతా వాళ్ళే ముందు. జూన్ ఆఖరి శనివారం మైదానంలో చేతులెత్తమన్నారు. టొవేరాకి లేచిన చేతుల్ని లెక్కపెట్టడం సగంలో మానేశాను. నాకు మూడు చేతులు లేచాయి. అందులో రెండు లెసీటావే.

"అక్కా, మీరే ముందుండండి. నాకు వెనకుంటేనే ఇష్టం" అంది టొవేరా అందరి ముందూ.

నిజంగానే అంది. కళ్ళలో ఎక్కడా వంకర లేదు. గెలిచింది చాలక గెలిచినదాన్ని నా ఒళ్ళో బిచ్చంలా వేస్తుందా అనుకున్నాను.

"అక్కర్లేదమ్మాయ్. అందరూ నిన్ను ఎన్నుకున్నారు, నువ్వే ఉండు. వెనక పని ఎవరో ఒకరు చెయ్యాలిగా, నేను చేస్తా" అన్నాను.

కోటు మాత్రం ఉతికి ఇస్తానని చెప్పి రెండు వారాలు ఇవ్వలేదు. చివరికి ఆమే ఇంటికొచ్చి, మా ఆయనకు నమస్కారం పెట్టి, మా పిల్లల్ని పలకరించి, నేను పెట్టిన న్సీమా ముద్దా చిక్కుడాకు కూరా తిని, కూర బాగుందని రెండుసార్లు చెప్పి, కోటు పట్టుకుపోయింది. ఆమె వెళ్ళాక మా ఆయన "ఎంత మర్యాదస్తురాలో" అన్నాడు. ఆ రోజు ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు.

సవారీకి మూడు రోజుల ముందు లెసీటాని కూడా తీసుకొస్తున్నానని టొవేరాకి చెప్పాను. నా శిష్యురాలు ఒక్కతైనా ఆ వరసలో లేకపోతే నా మొహం చెల్లదు.

"లెసీటక్కకి దిగడం వచ్చేసిందా?" అని అడిగింది.

"నా దగ్గర నేర్చుకుంది. ఎందుకు రాదు?"

"మీరన్నారంటే సరే అక్కా."

లెసీటాకి విడిగా చెప్పుకున్నాను. "నేను నీ వెనకే ఉంటా. ఆగాల్సొస్తే ఓ కేకెయ్యి, దిగొచ్చి పట్టుకుంటా."

"కేకెయ్యడం నాకు ఒకరు నేర్పాలా?" అంది లెసీటా.

శుక్రవారం నాలుగింటికి మిషను కట్టేసి దారి చూడడానికి బయల్దేరాను. లారీల రోడ్డు మీద మేం పోము, చింగోమా ఊరి మీదుగా ఉన్న మట్టిదారి పడతాం. ఆ ఊరి ముందు దారి పల్లంలోకి దిగుతుంది, దిగినచోటే మామిడిచెట్లను చుట్టుకుని మలుపు తిరుగుతుంది. మలుపు తిరగ్గానే మొదటి ఇల్లు. పల్లం దిగుతుండగానే ఏడుపులు వినిపించాయి. గబుక్కున సైకిలు దిగి, బుట్టలోంచి చితెంజే గుడ్డ తీసి నడుముకు చుట్టుకుని, నడుచుకుంటూ వెళ్ళాను. మా దగ్గర చావుందని తెలిసేలా ఇంటికి అటూ ఇటూ దారికి అడ్డంగా కొమ్మలు వేస్తారు, అవి చూశాక కూడా చావింటి ముందు సైకిలు మీద పోయేవాడు మనిషే కాదు.

నా వయసున్న ఓ ఆడమనిషి చెంబుతో నీళ్ళు తెచ్చి మోకాళ్ళ మీద వంగి అందించింది. పోయింది ఆమె అత్తగారట, పెద్ద వయసు. మట్టి రేపు మధ్యాహ్నం.

"రేపు మా ఆడవాళ్ళం పాతిక మంది ఈ దారినే వస్తామమ్మా" అన్నాను.

"సైకిళ్ళ మీదా? అయితే పత్తిచేను గట్టుమీదుగా పొండి అక్కా, అటు దారి ఉంది. లేదంటే పైనే దిగి నడిచి రమ్మను. మలుపు కదా, దారికి అడ్డంగా వేసిన కొమ్మలు దగ్గరికొస్తేగాని కనపడవు. మీవాళ్ళకి చెబుతావుగా?"

"చెబుతాను తల్లీ, చెప్పకుండా ఎలా ఉంటాను" అన్నాను.

ఒట్టు, చెబుదామనే వెనక్కి తిరిగాను. దారి పొడుగునా ఎలా చెప్పాలో కూడా అనుకుంటూనే వచ్చాను. మైదానం చేరేసరికి టొవేరా అందరి సైకిళ్ళకూ బ్రేకులు చూస్తోంది. ఒంటిమీద పసుప్పచ్చ కోటుంది. ఆ కోటు ఆమెకి వదులు, నా ఒంటి కొలత అది. ఇప్పుడు మాత్రం ఒంటికి అతికినట్టుంది. భుజాల దగ్గర కొత్త కుట్లు కనిపించాయి.

"ఎవరు బిగించారు?" అన్నాను.

"బస్టాండు దగ్గర ఒకాయన అక్కా. పండగ సీజను కదా, మీకు చేతినిండా పనుంటుంది, మళ్ళీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని."

ఈ ఊళ్ళో పాతికేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. ఆరేళ్ళు నా ఒంటిమీదున్న కోటుని ఇంకెవడో చౌకబారు కుట్టువాడి చేత బిగించుకుంది, అదీ నా మీద జాలిపడి.

"దారెలా ఉందక్కా?"

"ఏముంటుంది? చింగోమా దాటాక కాస్త ఇసక. అంతే."

"అమ్మయ్య" అని మళ్ళీ బ్రేకుల మీదికి వంగింది.

ఆ రాత్రి నిద్ర బాగానే పట్టింది. అబద్ధమెందుకు చెప్పాలి? పాటలతో గంటలతో చావింట్లోకి దూసుకుపోతుంది, గొయ్యి తవ్వే మగాళ్ళు నాలుగు తిడతారు, ముందున్నదానివి నీకు బుద్ధి లేదా అంటారు, ఆడవాళ్ళంతా వింటారు. అంతే నేను కోరుకున్నది. అంతకు మించి ఎవరికీ ఏమీ కావాలనుకోలేదు.

పొద్దున్నే గోడౌనువి పన్నెండూ, సొంతవీ అడిగి తెచ్చుకున్నవీ పన్నెండూ, మొత్తం ఇరవై నాలుగు సైకిళ్ళు బయల్దేరాయి. ఎముకలు కొరికే చలి. ఎవరో క్యారియరుకి డప్పు కట్టుకొచ్చారు. పాటకు టొవేరా ఒక చరణం అందుకుంటే వెనక అందరూ తిప్పి పాడుతున్నారు. నా ముందే లెసీటా, సీటు రెండుపక్కలా పొంగుకొచ్చి, ఊరందరికీ చేతులూపాలని ఉన్నా హ్యాండిలు వదల్లేక తల ఊపుకుంటూ పోతోంది. "చూశారా, నేనే తొక్కుతున్నా" అని మేకలతో సహా అందరికీ చెబుతోంది. రెండుచోట్ల ఆగాం. రెండుసార్లూ కేకేసింది, నేను నా సైకిలు పక్కన పడేసి పరుగెత్తి పట్టుకున్నాను, దిగింది.

చింగోమా పల్లం కనబడింది. ఇప్పుడైనా కేకేసి చెప్పొచ్చు అనుకున్నాను. వెనకున్నది ముందుకు రాకూడదు గదా అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. నేను పెట్టిన కట్టుబాటు నాకు అప్పుడే గుర్తొచ్చింది. మెడ సాచి పసుప్పచ్చ కోటు వైపే చూస్తున్నాను, మలుపు దగ్గర ఏమవుతుందా అని. నా ముందున్న సైకిలు ఏమవుతుందన్నది మాత్రం నా బుద్ధికి తట్టనే లేదు.

మలుపు దగ్గర టొవేరా చెయ్యి పైకి లేచింది. పాట ఠక్కున ఆగిపోయింది. కొమ్మలు చూసేసింది. ఆమె దిగింది, వెనకున్నది దిగింది, దాని వెనకున్నది దిగింది. ఒక్క గంట మోగలేదు, ఒక్క సైకిలు ఇంకోదానికి తగల్లేదు. అందరూ బుట్టల్లోంచి చితెంజేలు తీసి ప్యాంట్ల మీద చుట్టుకుంటున్నారు. తిట్టడానికి అందులో ఏమీ లేదు. నాకు కలిగింది నిరాశే, దాచడమెందుకు.

"ఎలూబీ, పట్టుకో" అని కేక.

లెసీటా పల్లంలో ఉంది. అంత బరువు, అంత వాలు. నేను సైకిలు వదిలేసి పరుగెత్తాను, కానీ వాలులో పోయే సైకిలుని ఏ కాళ్ళు అందుకుంటాయి? బ్రేకు మాట ఆమెకు తోచలేదు. నా చెయ్యే ఆమె బ్రేకు. ఆగిన ఆడవాళ్ళ పక్కనుంచి, కొమ్మల మీదుగా, మలుపు తిరిగింది. ఎవరికీ తగలకూడదని పాపం గంట కొట్టింది. గణగణమని కొడుతూ, "జరగండి జరగండి, నాకు ఆగడం రాదు" అని అరుస్తూ, చావింటి వాకిట్లోకి పోయింది. నేల మీద కూర్చున్న మగాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. చిక్కుళ్ళు ఉడుకుతున్న పెద్ద కుండ పక్కనుంచి తప్పించుకుని కట్టెల మోపు మీద పడింది.

లోపల ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో సైకిలు చక్రం ఒక్కటే తిరుగుతోంది. లెసీటా మోకాలు చీరుకుని నెత్తురు కారుతోంది. ఒంటిమీద చితెంజే లేకుండా, ప్యాంటుతో, అంత మంది మగాళ్ళ మధ్య వెల్లకిలా పడి ఉంది. బజారంతా నవ్వించే మనిషి, చేతులతో మొహం కప్పుకుంది. దారిలో ఒకామె చేతిలోంచి లాక్కొచ్చిన చితెంజే ఆమె మీద కప్పాను. ఆమె నా వైపు చూడలేదు.

గొయ్యి దగ్గర్నుంచి మట్టికాళ్ళతో ఒక పెద్దమనిషి వచ్చాడు. గొయ్యి తవ్వేవాళ్ళని మేం మనవళ్ళంటాం, ఈయనకి గడ్డం నెరిసిపోయినా సరే. చావింట్లో వాళ్ళ మాటకి ఎదురుండదు.

"ఈ వరసకి ముందున్నదెవరు?"

టొవేరా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "నేనే బాబాయ్. తప్పు నాది."

"చావింటికి గంటలు కొట్టుకుంటూ వస్తారా? ముందురోజు దారి చూసుకోరా మీరు?"

"చూసుకున్నారు బాబాయ్" అంది నిన్న నాకు నీళ్ళిచ్చిన ఆవిడ వసారాలోంచి. వేలు నా వైపే చూపించింది. "ఈ అక్క నిన్న సాయంత్రం వచ్చింది. పత్తిచేను మీదుగా పొమ్మని నేనే చెప్పాను. మావాళ్ళకి చెబుతానంది. ఏమక్కా, చెప్పలేదా?"

ఇరవై రెండు మంది ఆడవాళ్ళు నన్ను చూశారు. టొవేరా కూడా తలెత్తి చూసింది, రెప్పపాటు అంతే. ఆ రెప్పపాటులో ఆమెకు అంతా అర్థమైపోయింది. కాస్త ఇసక, అంతే అన్న మాటతో సహా.

తల దించుకుని, "చెప్పింది బాబాయ్" అంది. "నిన్ననే చెప్పింది. నేనే మర్చిపోయాను."

"అయ్యో టొవేరా" అని వెనక ఎవరో అన్నారు. ఎవరో నిట్టూర్చారు. నాకు కావలసింది సరిగ్గా అదే. ఆమె పరువు పోయింది. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు, ముందు సైకిలు మళ్ళీ నాదే. ఈ సవారీకే కాదు, ఏడాదంతా నాదే.

మనస్సాక్షి పొడిచి నోరు విప్పానని చెప్పుకుంటే వినేవాళ్ళకి బాగుంటుంది. అదేం కాదు. మోకాళ్ళ మీద కూర్చున్న ఆ మనిషిని చూస్తే నిలువునా ఒళ్ళు మండింది. నేర్పడంలో నాకన్నా ముందు. జనం మెప్పులో నాకన్నా ముందు. ఇప్పుడు నా పాపాన్ని కూడా నెత్తిన వేసుకుని, మంచితనంలో కూడా తనే ముందు. ఇది కూడా ఆమెకే వదిలెయ్యాలా? నా దగ్గర నాదంటూ మిగిలింది ఆ తప్పు ఒక్కటే.

"అబద్ధం" అన్నాను. "నేను చెప్పలేదు. దారి చూసి వచ్చింది నేనే. అడిగితే ఏమీ లేదన్నాను."

"ఎందుకు?" అన్నాడు ఆయన.

"ఈవిడకి నలుగురిలో తలవంపులు కావాలని. నా చోటు తీసుకుందని."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. తిట్టలేదు. "కోడిపుంజు ఒకటి తెచ్చివ్వాలి" అన్నాడు. "మట్టి చేసి వచ్చేవాళ్ళు కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి, ఆ నీళ్ళన్నీ నువ్వే మొయ్యి." అని గొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇక సరస్సు మాట ఎవరూ ఎత్తలేదు. చావింట్లోకి వచ్చాక మట్టి అయ్యేదాకా వెళ్ళకూడదు. మావాళ్ళంతా లోపలికెళ్ళి ఆడవాళ్ళ మధ్య చాపల మీద కూర్చున్నారు. నేను బోరింగు కాడినుంచి నెత్తిమీద బిందెలు మోశాను. ఏడు తడవలు మోశాను. నా ఎదురుగా వచ్చినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు గానీ ఒక్కరు పలకరించలేదు.

ఒకసారి గ్లాసుతో నీళ్ళు తీసుకుని లెసీటా దగ్గరికి వెళ్ళాను. మోకాలికి గుడ్డ కట్టారు. గోడకి జారబడి కాలు చాపుకుని ఉంది.

"బాగా నొప్పిగా ఉందా?"

"మోకాలా? అది తగ్గుద్దిలే." గ్లాసు అందుకుంది, తాగలేదు. "ఆవిడకి చెప్పకపోతే పోయావు. నాకైనా చెప్పలేకపోయావా ఎలూబీ? పైనే దిగి నడిచొచ్చేదాన్నిగా."

"నాకు తట్టలేదే."

"అదే అంటున్నా. రెండు చేతులెత్తాను నీకోసం, నీకు నేను తట్టలేదు." గ్లాసు పక్కన పెట్టింది. "టొవేరా ఎక్కడుంది? కాస్త రమ్మను."

నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను.

మట్టి అయ్యాక, ఆ ఇంటివాళ్ళకు చెప్పి, సైకిళ్ళు నడిపించుకుంటూ కొమ్మలు దాటి, ఇంటిదారిన పల్లం పైకెక్కాం. అక్కడ టొవేరా అందర్నీ ఆగమంది. లెసీటా సీటు దించింది. చీరుకున్న మోకాలుతోనే లెసీటా ఎక్కింది, పది బారలు తొక్కింది, బ్రేకు నొక్కింది, కాలు ఆనించి దిగింది. రెండుసార్లు తూలింది. మూడోసారి తూలలేదు. పావుగంటలో ఎనిమిదిసార్లు ఎక్కి ఎనిమిదిసార్లు దిగింది. ఆరు వారాలు నేను దాచుకున్నది పావుగంటలో అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. లోపల ఎవరో పచ్చి మిరపకాయ నూరుతున్నట్టుంది.

టొవేరా నా దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించి, ఎవరికీ వినబడకుండా మాట్లాడింది.

"అక్కా, ఇకమీదట దారి చూసి రావడం నేనే చేస్తాను. ఏమీ అనుకోవద్దు."

"మరి ఇప్పుడు వెనక?"

"వెనక కూడా నేనే ఉంటా, లెసీటక్క పక్కన."

"ముందు?"

"ఎనిఫా."

ఎనిఫా సైకిలు నేర్చుకుని అయిదు వారాలైంది. టొవేరా కోటు విప్పి, పిల్లకి తినడానికి మందాసీ ఇచ్చినంత తేలిగ్గా దానికి తొడిగేసింది. ముందుచోటు వదులుకోవడం ఆమెకు నిజంగానే ఓ లెక్క కాదు. జూన్లో చెప్పినప్పుడు కూడా నిజమే చెప్పింది. అది తెలిసి నాకేమైనా చల్లబడిందా అంటే, లేదు. నేను ఆరేళ్ళు ప్రాణంలా పట్టుకున్నది ఆమెకు అంత తేలికెలా అయిందని ఇంకా మండింది.

"మీరు మధ్యలో రండక్కా" అంది.

మధ్యలో నేనెప్పుడూ తొక్కలేదు. ముందు ఏముందో కనబడదు, వెనక ఏమవుతుందో తెలియదు. వెనకనుంచి లెసీటా గొంతు, టొవేరా నవ్వు వినిపిస్తున్నాయి. దేనికి నవ్వుకుంటున్నారో విందామని చెవి రిక్కించి తొక్కుతూ, ముందున్న సైకిలుకి బాగా దగ్గరగా వెళ్ళిపోయానట. దానిమీదున్న పిల్ల కిందటి నెలలో చేరింది, ఈ కట్టుబాట్లు పెట్టిందెవరో దానికి తెలియదు. మర్యాదగా తల కాస్త తిప్పి చెప్పింది.

"అత్తా, మరీ దగ్గరికి రాకండి. ముందు సైకిలుకీ మనకీ మధ్య ఒక సైకిలు పట్టేంత జాగా ఉండాలి. ఇక్కడ అదో కట్టుబాటు, మీకింకా చెప్పలేదేమో."

"సరేనమ్మా" అని వెనక్కి తగ్గాను.